చీర పెట్టి తీసుకునే సంతకం

మీరు ఇల్లు కట్టుకున్న స్థలం మీ పేరున రిజిస్టరైన రోజున, అమ్మినవాళ్ల ఇంటి ఆడపడుచు కూడా వచ్చి సంతకం పెట్టింది కదా, ఆమె ముఖం మీకు గుర్తుందా? అన్నదమ్ముల ముఖాలు గుర్తుంటాయి, బేరమంతా వాళ్లతోనే ఆడాం కాబట్టి. మధ్యవర్తి ముఖం అంతకన్నా బాగా గుర్తుంటుంది, అతనికిచ్చిన కమిషను ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తుంది కాబట్టి. ఆమెను మాత్రం, ఎవరో ఒకావిడ వచ్చింది, సంతకం పెట్టింది, భోంచేసి వెళ్లిపోయింది అంటాం. నా ఈడువాళ్లందరినీ అడుగుతున్నాను. మనలో చాలామందికి ఇళ్లున్నాయి, కొందరికి పిల్లల పేర్ల మీద స్థలాలూ ఉన్నాయి. వాటిలో ఎన్ని అలాంటి ముఖం లేని సంతకాల మీద నిలబడ్డాయో ఎప్పుడైనా ఆలోచించామా?

ఈ వయసులో ఈ ప్రశ్న నా నెత్తికెక్కడానికి కారణం మా మేనకోడలు, అంటే మా తమ్ముడి కూతురు. విజయవాడలోనే ఒక ఆఫీసులో పనిచేస్తోంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ మైలవరం దారిలో ఒక స్థలం చూసుకున్నారు. పోయిన వారం ఫోన్ చేసి, కొనేముందు ఇంకా ఏమేం చూసుకోవాలి అత్తా అని అడిగింది. నేను కాలేజీలో ఏళ్ల తరబడి అర్థశాస్త్రం చెప్పినదాన్ని, అడిగితే ఊరుకుంటానా! ఈశాన్యం సంగతి తర్వాత, ముందు వానాకాలంలో నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో చూడమన్నాను. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు ఈ డెల్టాలో ప్రతి పల్లమూ మెరకలాగే కనిపిస్తుందని, బుడమేరు పొంగినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడిదాకా నీళ్లు నిలిచాయో అక్కడి చాకలివాళ్లనో, కిళ్లీకొట్టువాళ్లనో అడగమన్నాను. కాగితం మీద వేసిన రోడ్డుకీ నేల మీద వేసిన రోడ్డుకీ చాలా తేడా ఉంటుందని, పాత దస్తావేజులన్నీ వరసగా తెప్పించి చదవమని, స్థలం మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో చూపించే ఈసీ తీయించమని, లేఅవుటుకి అనుమతి ఉందో లేదో ఆఫీసుకు స్వయంగా వెళ్లి కనుక్కోమని, పోరంబోకు అంచున ఉన్న స్థలాన్ని చవగ్గా వస్తోందని ముట్టుకోవద్దని చెప్పాను. అన్నీ అయిపోయాయి అత్తా అంది పిల్ల. నిజంగానే అన్నీ చూసింది, నాకంటే బాగానే చూసింది.

ఆ తర్వాత గొంతులో సంతోషం పొంగుతుండగా, "వాళ్ల అక్కచెల్లెళ్లతో కూడా ఏ ఇబ్బందీ లేదత్తా. ముగ్గురూ వచ్చి సంతకాలు పెడతారంట. చీరలు మనమే పెట్టాలంట, పట్టుచీరలే తీసుకుందామనుకుంటున్నాం. ఏ రంగులైతే బాగుంటాయో నువ్వు చెప్పవా?" అంది.

రంగుల సంగతి తర్వాత చెబుతానని ఫోను పెట్టేశాను. ఆ రోజంతా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెట్టాను. గేటు దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక తిరిగి వచ్చాను. ఇన్నేళ్లయినా ఆ చీర ఇంకా అక్కడే ఉందా!

మా పెళ్లయిన కొత్తలో గవర్నర్‌పేటలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. మా ఆయనది కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం, నాది ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే కొలువు. ఇల్లుగలావిడ మంచిదే గానీ, మేం ఎన్ని బిందెలు పట్టుకున్నామో మాకంటే ఆవిడకే బాగా తెలిసేది. కొడుక్కి పెళ్లి కుదిరింది, వాటా ఖాళీ చేయండని ఆవిడ అన్నప్పటి నుంచి మా ఆదివారాలన్నీ స్కూటరు మీదే గడిచాయి. అప్పటికి బెజవాడ చుట్టూ పొలాల్లో తెల్లసున్నం కొట్టిన రాళ్లు పాతడం అప్పుడప్పుడే మొదలైంది. ప్రతి రెండు రాళ్ల మధ్యా ఒక మధ్యవర్తి నిలబడి, ఇదిగో ఇక్కడ బస్టాండు వస్తుంది, అదిగో అక్కడ ఆస్పత్రి వస్తుంది అని చేతులు చాపి చూపించేవాడు. ఆ చేతులు చూపించినవన్నీ నిజంగా కట్టి ఉంటే ఈపాటికి మన ఊరు సముద్రం దాకా పాకి ఉండేది. మా ఆయన ఆ మాటలన్నీ నమ్మేవాడు. నేను దేన్నీ నమ్మేదాన్ని కాదు. మా ఇద్దరి మధ్యా స్కూటరు మాత్రం నిష్పక్షపాతంగా నడిచేది.

నా ఈ నమ్మని గుణానికి మూలం మా నాన్నగారు. మైలవరం దగ్గర మామిడితోట, ఒక పెంకుటిల్లు ఆయన ఆస్తి. వాదన ఆయన ఊపిరి. ఊరి గ్రంథాలయం అరుగు మీద సాయంత్రాలు చర్చలు పెట్టించేవారు. నన్ను స్టూలు మీద నిలబెట్టి, నేను నమ్మినదానికి సరిగ్గా ఎదురుపక్షం వాదించమనేవారు. ఎదుటివాడి మాట నీ నోటితో నువ్వే చెప్పగలిగితే తప్ప వాణ్ణి కాదనే అర్హత నీకు లేదనేవారు. ఊళ్లో భర్త పోయిన ఒక అమ్మాయికి మళ్లీ పెళ్లి చేయడానికి ఎవరూ పందిరికి చోటివ్వకపోతే మా ఇంటి ముందే పందిరి వేయించిన మనిషి. ముహూర్తాలూ శకునాలూ మా ఇంటి గడప తొక్కలేదు. స్థలం కొంటున్నామని ఉత్తరం రాస్తే వెంటనే బస్సెక్కి వచ్చారు. మా ఆయన వాస్తు గురించి వాదన జరుగుతుందని జడుసుకున్నాడు. నాన్నగారు మాత్రం మజ్జిగ తాగి, "దిక్కులు చూసేవాళ్లు చాలామంది ఉంటారమ్మా. అమ్మేవాళ్ల ఇంట్లో ఆడపిల్లలెంతమందో చూడు ముందు" అన్నారు.

ఆ మాటే తర్వాత ఆయన మెడకీ, నా మెడకీ కూడా చుట్టుకుంది.

చివరికి మాకు నచ్చిన స్థలం భవానీపురంలో దొరికింది. అప్పుడది ఇప్పటి భవానీపురం కాదు. ఇళ్ల మధ్య ఇంకా తోటలుండేవి, కృష్ణ వైపు నుంచి వచ్చే గాలికి అడ్డేమీ ఉండేది కాదు. ఒకప్పటి జామతోటలో ఒక ముక్క అది. తోట వేసిన పెద్దాయన వీలునామా రాయకుండానే పోయాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతుర్ని చల్లపల్లి ఇచ్చారు. మెరక నేల, మంచినీళ్లు, ఆఫీసుకి దగ్గర. మా ఆయన ఆ మట్టి గుప్పెట్లోకి తీసుకుని వాసన చూశాడు. అంతే, ఆ రోజు నుంచి కలలో కూడా వంటిల్లు ఎటు పెట్టాలా అనే ఆలోచనే.

నేను మాత్రం మధ్యవర్తిని ఆడపడుచు సంగతి అడిగాను. అతను అడగరానిదేదో అడిగినట్టు చూశాడు.

"ఆ మనిషి బంగారమండీ! ఒక చీర పెడితే వచ్చి సంతకం పెట్టేసి, అన్నంతిని పోద్ది. ఆవిడతో మీకెందుకు బెంగ?"

"చీర ఎవరు పెడతారు?"

"కొనేవాళ్లేగదండీ! రిజిస్ట్రేషను ఖర్చులెట్టాగూ మీయే. అందులో ఇదొకటి. మరీ నాసిరకం తేకండి, అన్నగార్లు చిన్నబుచ్చుకుంటారు."

నేను క్లాసులో పిల్లలకు వినిమయ విలువ గురించి చెప్పి ఇంటికొచ్చిన రోజది. ఒక వస్తువు తీసుకుని దానికి బదులుగా ఇంకొక వస్తువు ఇస్తే దాన్ని ధర అంటాం. అదే పళ్లెంలో పసుపూ కుంకుమా, ఆకూ వక్కా పక్కన పెట్టి ఇస్తే అది మర్యాద అయిపోతుంది. ధర అంటే చాలదని గొడవ పడవచ్చు. మర్యాదను చాలదనే ఆడపిల్ల ఎక్కడుంది? వెయ్యి చట్టాలు చేయలేని పనిని ఈ పళ్లెం చేస్తోంది. తండ్రి సంపాదించిన ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ భాగముందని చట్టం ఎన్నడో చెప్పింది. ఆ చట్టానికి ఎదురు తిరిగే దమ్ము ఎవరికీ లేదు. ఎదురు తిరగాల్సిన అవసరమే లేకుండా చేసుకున్నాం, ఆరు గజాల గుడ్డతో.

ఆ చీర నేను కొననన్నాను. ఆవిణ్ణి చూడకుండా స్థలమూ కొననన్నాను. మా ఆయన పళ్లు నూరుకుంటూనే ఒక ఆదివారం నాతో చల్లపల్లి బస్సెక్కాడు. కాలువలకు కొత్తనీళ్లు వదిలిన రోజులవి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి వెళుతుంటే దారిపొడుగునా నారుమళ్లు పచ్చగా కనబడ్డాయి. ఆ పచ్చదనం మీద నా కళ్లు నిలవలేదు. ఏమడగాలో, ఎట్లా మొదలుపెట్టాలో మనసులో ఉపన్యాసం తయారుచేసుకుంటున్నాను.

కోట వెనకవీధిలో ఆవిడ ఇల్లు. నాకంటే కాస్త పెద్దది. అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. మేమెవరమో చెప్పగానే నవ్వి, కూర్చోండని చాప వేసింది.

"చీర తెచ్చారాండీ? ఏ రంగు?"

నా ఉపన్యాసంలో మొదటి వాక్యమే ఎగిరిపోయింది. చీర తేలేదనీ, స్థలం అమ్మడం ఆమెకు ఇష్టమేనా కాదా కనుక్కుందామని వచ్చామనీ, చట్టప్రకారం అందులో ఆమెకూ భాగముందనీ చెప్పాను.

"చట్టం సంగతి మేమూ రేడియోలో విన్నాంలెండి. తెలీక కాదు" అని ఆవిడ మళ్లీ గోంగూర చేతిలోకి తీసుకుంది. "వాటా అడిగిన ఆడపిల్లకి పుట్టింటి గడప ఎత్తు పెరుగుద్దండీ. రేపు మా పిల్ల పెద్దమనిషైతే మేనమామ రావాలి. నాకేమన్నా అయితే, ఒంటిమీద కప్పే ఆఖరి బట్ట కూడా పుట్టింటి నుంచే రావాలి. స్థలంలో ముక్క తెచ్చుకుని నేనేం చేసుకోను, కప్పుకోనా?"

నేను ఊరుకోలేదు. ప్రేమకీ హక్కుకీ పోటీ పెట్టకూడదన్నాను, భాగం ఇస్తే పోయే ప్రేమ ప్రేమే కాదన్నాను. సభలో అయితే చప్పట్లు పడే మాటలు. ఆవిడ అన్నీ విని, మా ఆయనకు మంచినీళ్లిచ్చి, నా వైపు తిరిగింది.

"ఇంతకీ మీ నాన్నగారు మీకేం రాశారండీ?"

మా ఆయనకు పొలమారింది.

"మా వాటా సంగతి అడగటానికి బస్సెక్కి ఇంతదూరం వచ్చారు. మీ వాటా సంగతి అడగటానికి మీ ఊరికి బస్సుల్లేవాండీ?" అంది ఆవిడ. వెటకారం గొంతులో ఉందే గానీ కళ్లల్లో లేదు.

తిరుగు బస్సులో దారంతా ఆవిడ ప్రశ్నే నా పక్కన కూర్చుంది. మైలవరం ఇల్లూ, తోటా మా తమ్ముడి పేరున ఉన్నాయని నాకు తెలుసు. నాన్నగారు ఎప్పుడో నా పెళ్లికి ముందే రాసేశారు. అది గాలీ వెలుతురూ ఉన్నట్టే ఉన్న విషయం. దాన్ని గురించి అడగాలన్న ఊహ, అన్నిటినీ ప్రశ్నించమని స్టూలెక్కించి నేర్పిన ఇంట్లో పెరిగిన నాకు, ఒక్కనాడూ రాలేదు. ఆడపిల్లగా పెంచిన పెంపకానికి అంత బలముంది చూడండి!

మరుసటి ఆదివారం మైలవరం బస్సెక్కాను. బస్సులు బాగానే ఉన్నాయి. తోటలో చెట్ల పాదులు చూసుకుంటున్న నాన్నగారికి చల్లపల్లి సంగతంతా చెప్పి, ఆవిడ అడిగిన ప్రశ్నను ఆవిడ అడిగినట్టే అడిగాను. ఆయన, "నీకు చదువు చెప్పించాను. అదే నీ వాటా అనుకున్నానమ్మా" అన్నారు.

"తమ్ముడికీ చెప్పించారు కదా నాన్నగారూ."

"నువ్వెప్పుడూ అడగలేదు."

"చల్లపల్లి ఆవిడా అడగలేదు. అయినా ఆవిడ సంగతి చూడమని నన్ను పంపింది మీరే కదా."

నాన్నగారు చేతిలోని పార చెట్టుకు ఆనించి, తోట అవతలి గట్టు దాకా వెళ్లి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా తమ్ముడు నన్ను బస్సెక్కించడానికి వచ్చి, ఏమయిందే అక్కా, నాన్న అన్నం సరిగ్గా తినలేదు అన్నాడు. ఎండకయ్యుంటుందిలే అని బస్సెక్కాను.

ఆవిడే వాటా వద్దన్నాక మేం బేరం ఆపలేదు. రిజిస్ట్రేషనుకు మాట ఇచ్చిన ప్రకారం నాన్నగారు మా తరఫు సాక్షిగా వచ్చారు. ఆ ఆఫీసు వరండా ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంటుంది. చెక్కబల్లల ముందు దస్తావేజులు రాసేవాళ్లు, స్టాంపులమ్మేవాళ్లు, సోడాబండి, అందరి మొహాల్లోనూ ఏదో రైలు తప్పిపోతుందన్న ఆత్రం. మేం చీర తేలేదని అన్నదమ్ములకు ముందే తెలిసింది. మీకు మర్యాదలు తెలియకపోతే మాకు తెలుసన్నట్టు పెద్దాయన తనే కొని తెచ్చాడు. చల్లపల్లి నుంచి చెల్లెలు భర్తతో దిగగానే ఆయన ఎదురెళ్లి చేతిసంచీ అందుకున్నాడు, ఎండలో వచ్చావంటూ సోడా తెప్పించాడు, పిల్లను తీసుకురాలేదేమని కోప్పడ్డాడు. ఇది నేను దాచకూడదు. ఆయన చెల్లెల్ని ప్రేమించినవాడే. దుర్మార్గుడైతే ఈ కథ ఎంత సులువుగా ఉండేది!

ఆవిడ వంతు వచ్చింది. పెద్దన్న చీర ప్యాకెట్టు ఆమె ఒళ్లో పెట్టాడు, దస్తావేజు రాసేవాడు కలం అందించాడు. ఆవిడ కలం తీసుకుని ఆగింది.

"అన్నయ్యా, ఇందులో నా గురించి ఏం రాశారు?"

పెద్దన్న రాసేవాడి వైపు చూశాడు. రాసేవాడు గొంతు సవరించుకుని, "ఏం లేదమ్మా. ఈ ఆస్తితో మీకు ఏ సంబంధమూ లేదని" అన్నాడు.

"సంబంధం లేనప్పుడు నా సంతకం దేనికండీ?"

పక్క బల్ల దగ్గర ఎవరో పకపకా నవ్వారు. పెద్దన్న ముఖం ఎర్రబడింది. "ఎవరు నేర్పారే నీకీ లాయరు మాటలు?" అని చెల్లెల్ని అడుగుతూ నా వైపు చూశాడు.

"ఒకరు నేర్పేదేముందన్నయ్యా? జామచెట్లకి నీళ్లు మోసింది మనం ముగ్గురమేగా. అప్పుడు నాకు సంబంధం లేదని బిందె దించనిచ్చారా?"

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు" అన్నాడు చిన్నన్న.

మధ్యవర్తి చేతి గడియారం చూపిస్తూ, "మంచి ఘడియ దాటిపోతందండీ, ఇంటికెళ్లి మాట్టాడుకోవచ్చు, ముందు సంతకం కానీండి" అని తొందరపెట్టాడు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ మా నాన్నగారు, "దాటితే దాటనివ్వవయ్యా! మనిషి మాట్లాడుతోంది" అని గద్దించారు.

ఆవిడ కలం బల్ల మీద పెట్టేసింది. చిన్నన్న చీర ప్యాకెట్టు వెనక్కి తీసుకోబోతే గట్టిగా పట్టుకుంది. "ఇది అన్నయ్య నాకు పెట్టింది, నేను తీసుకెళ్తాను. భాగం నాన్నది. రెండూ కలపమాకండి" అని లేచి, భర్తతో కలిసి మెట్లు దిగి వెళ్లిపోయింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

చెల్లెల్ని ఎగదోసింది మేమేనని అన్నదమ్ములు బేరం మానుకున్నారు, ఆ స్థలం మాకు రాలేదు. ఇచ్చిన బయానా వెనక్కి రావడానికి మా ఆయన చెప్పులరిగేలా తిరిగాడు. ఇల్లుగలావిడ కొడుకు పెళ్లిపందిరి వేసే రోజు దగ్గరపడితే, అంతకంటే ఇరుకు వాటాలోకి, ఇనపమంచం పట్టని గదుల్లోకి సామాను మార్చుకున్నాం. మంచం వరండాలో వేసి మా ఆయన అన్నాడు కదా, "ఊళ్లో ఆడపడుచులందరి వాటాలూ తేల్చేసిరా. ఆ తర్వాత తీరిగ్గా ఇల్లు కట్టుకుందాం." చాలా ఏళ్లకు గానీ మాకు సొంతిల్లు కుదరలేదు. అది కూడా మట్టి వాసన లేని ఇల్లు, మూడో అంతస్తులో.

నాన్నగారు ఆ రోజు బస్సెక్కబోతూ, మీ తమ్ముడితో మాట్లాడతానన్నారు. మాట్లాడారు. తోటలో నా భాగం నాకు రాయించారు. తమ్ముడు ఎదురు చెప్పలేదు, తలవంచుకుని సంతకం పెట్టాడు. ఆ వేసవికి ఎప్పుడూ వచ్చే రసాల బుట్ట రాలేదు. మా మరదలు ఉత్తరాలు మానేసింది. గడప ఎత్తు పెరగడమంటే ఏమిటో చల్లపల్లి ఆవిడ చెప్పినప్పుడు నాకు మాటగా తెలిసింది, ఆ ఏడు దాన్ని దాటబోయిన మోకాళ్లకు తెలిసింది. నాది అదృష్టం. కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం వాడే బుట్ట భుజాన పెట్టుకుని వచ్చి, కాయలు మగ్గాయో లేదో చూడక్కా అన్నాడు. మేమిద్దరం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. ఆ రోజు వాడు నాలుగు కాయలు తిన్నాడు, నేను టెంకలు కూడా చప్పరించాను.

చల్లపల్లి ఆవిడకు అంత అదృష్టం లేదు. అన్నదమ్ములు తర్వాత ఆ స్థలాన్ని వేరేవాళ్లకు అమ్మారు. కొన్నవాళ్లు గట్టిగా పట్టుబట్టడంతో ఆమె భాగం ఆమెకిచ్చే అమ్మారు. చాలా కాలానికి ఏదో పని మీద బెజవాడ వచ్చినప్పుడు ఎట్లాగో మా చిరునామా కనుక్కుని ఇంటికి వచ్చింది. ఆ డబ్బుతో పిల్లను చదివించిందట. చెప్పేటప్పుడు గొంతులో గర్వం దాచుకోలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "నా వాటా నాకొచ్చిందండీ. మా పెద్దన్నయ్యే రావటం మానేశాడు, చిన్నన్నయ్యా అంతే" అంది. పిల్ల పెద్దమనిషైన నాడు మేనమామ పీట ఖాళీగానే ఉండిపోయిందట. బెజవాడలో మీకీ ఇల్లుంది అనుకోండి అన్నాను నేను. ఆవిడ నవ్వింది. "మీ ఇల్లు బాగుందండీ. కానీ మీరు మా అన్నయ్య కాదుగా" అంది. వెళ్లేముందు చెప్పులు వేసుకుంటూ, నేను తప్పు చేశానంటారా అని అడిగింది. లేదని వెంటనే అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను. కానీ ఆ ఖాళీ పీట నన్ను ఇన్నేళ్లుగా నిద్రపోనివ్వడం లేదు. దాన్ని ఖాళీగా ఉంచింది ఆమె కాదని ఎన్ని సభల్లో చెప్పినా, ఆమె ఇంట్లో అది ఖాళీగానే ఉంది.

ఎంత మారిపోయింది మన ఊరు! జామతోటలున్న చోట అపార్టుమెంట్లు లేచాయి. ఈసీ ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకుంటున్నాం, స్థలాన్ని ఆకాశం నుంచి తీసిన వీడియో పంపిస్తున్నారు, రిజిస్ట్రారు ఆఫీసులో ఫొటో తీసి వేలిముద్రను యంత్రంతో పడుతున్నారు. మన ఆడపిల్లలు మనం ఊహించని జీతాలు తెస్తున్నారు. ఈ సంతకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మారింది ఒక్కటే, నూలుచీర పోయి పట్టుచీర వచ్చింది. దూరాన ఉన్న ఆడపడుచైతే ఆఫీసుకు రానక్కర్లేదు కూడా. ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం రాయించేసుకుంటారు, చీర కొరియరులో వెళుతుంది. ఆ రోజుల్లో సంతకం కోసమైనా చెల్లెల్ని పిలిచేవాళ్లు, సంచీ అందుకునేవాళ్లు, ఎండలో వచ్చావని సోడా తాగించేవాళ్లు. ఆ సోడాలో ఉన్న ప్రేమ అబద్ధం కాదు. అందుకే నాకింత కోపం. నిజమైన ప్రేమను తీసుకెళ్లి రసీదు పుస్తకంలా వాడుకున్నాం.

హక్కు మాట మీకు రుచించకపోతే మీ పెట్టుబడి కోసమైనా వినండి. ఇష్టం లేకుండా పెట్టిన సంతకం పునాదిలో పడిన పగులు లాంటిది. ఆమె ఊరుకున్నా ఆమె పిల్లలు ఊరుకోకపోవచ్చు. గృహప్రవేశం చేసిన ఎన్నో ఏళ్లకు కోర్టు కాగితం వచ్చిన ఇళ్లు నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటాయి.

మా మేనకోడలికి మళ్లీ ఫోన్ చేసి రంగులు చెప్పలేదు. ఆ ముగ్గురు ఆడపడుచుల ఊళ్లు కనుక్కోమన్నాను. "నువ్విట్లా మాట్లాడితే వాళ్లు వేరేవాళ్లకి అమ్మేస్తారత్తా!" అంది. అమ్ముకోనీ అన్నాను. ఫోను పెట్టేసింది. ఈ మాటలు రాస్తున్నప్పటికి ఇంకా తిరిగి చేయలేదు. చేస్తుందో లేదో తెలియదు. ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెడుతున్నాను.

మీరు నా మేనకోడలు కాదు, నా మీద అలగనక్కర్లేదు. బయానా ఇవ్వకముందే ఆ ఇంటి ఆడపడుచు ఎక్కడుందో కనుక్కోండి. అన్నదమ్ములు వెంట లేకుండా, మధ్యవర్తి వెంట లేకుండా వెళ్లండి. ఇష్టమేనా అమ్మా అని అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. కాదంటే, ఆ స్థలం బంగారమైనా వదిలేయండి. మీరే అమ్మే అన్నదమ్ములైతే ఈ ఆదివారమే బయల్దేరండి. వాటా ఆమె చేతికిచ్చి, ఆ పూట ఆమె ఇంట్లోనే భోంచేసి రండి.